ఒకే గిన్నె, రెండు పద్దులు

ఇతరుల పిల్లల్ని పెంచిన ఆడవాళ్ళ చరిత్ర రాయాలంటే ఆధారాలు ఎక్కడ వెతకాలి? వాళ్ళలో ఎక్కువమంది ఆత్మకథలు రాసుకోలేదు. సభల్లో మాట్లాడలేదు. వాళ్ళ గురించి రాసినవాళ్ళు న్యాయమూర్తులు, డాక్టర్లు, ఇన్‌స్పెక్టర్లు, పత్రికలవాళ్ళు. ఏదో ఘోరం జరిగినప్పుడు తప్ప వీళ్ళకు ఆ ఇళ్ళు కంటపడలేదు. అయితే ఆ ఆడవాళ్ళు మనసులోనైనా, కాగితం మీదనైనా ఒకటి మాత్రం రాయక తప్పలేదు. అది పద్దు. పాలకెంత, రొట్టెకెంత, బంగాళాదుంపలకెంత అన్న లెక్క. సాహిత్య చరిత్ర పద్దు పుస్తకాన్ని పక్కన పెట్టింది. స్త్రీల చరిత్ర అలా పక్కన పెట్టలేదు.

ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది బ్రిటన్‌లో చైల్డ్‌మైండర్ల తిండి లెక్క. చైల్డ్‌మైండర్ అంటే తన సొంత ఇంట్లో, డబ్బు తీసుకుని, ఇతరుల పిల్లల్ని పగటిపూట చూసుకునే వ్యక్తి. ఆమె ఆయా కాదు. ఆయా పిల్లల ఇంటికి వెళ్ళి పనిచేస్తుంది, ఆమెకు జీతమిచ్చే యజమాని ఉంటాడు. చైల్డ్‌మైండర్ చట్టం దృష్టిలో స్వయం ఉపాధి పొందుతున్న వ్యాపారి. ఆ వ్యాపారానికి స్థలం ఆమె ముందుగది, సామగ్రి ఆమె పొయ్యి, ఆమె ఫ్రిజ్, ఆమె పక్కబట్టలు. ఈ పని చేసేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. తమ పిల్లలు చిన్నగా ఉండి బయటికి వెళ్ళే వీలు లేనప్పుడు చాలామంది ఈ పని మొదలుపెడతారు. అందువల్ల మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఒకే గిన్నెలో ఉడికినదాన్ని ఆమె కన్న బిడ్డా, డబ్బిచ్చి వదిలి వెళ్ళిన బిడ్డా పక్కపక్కన కూర్చుని తింటారు.

ఆ గిన్నెలో వ్యాపారం ఎంత, సంసారం ఎంత? ఇది పన్నుల శాఖ అడిగే చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ నూటయాభై ఏళ్ళుగా బ్రిటిష్ రాజ్యం ఈ ప్రశ్నను ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ గిన్నెలోని సరుకును లెక్కపెట్టింది. గరిటె పట్టుకున్న చేతిని లెక్కలోంచి తీసేసింది.

మొదట ఈ లెక్క అడిగింది పన్ను కోసం కాదు, అనుమానంతో. 1870 అక్టోబరులో లండన్‌లో మార్గరెట్ వాటర్స్ అనే స్త్రీని ఉరితీశారు. బ్రిక్స్‌టన్‌లో ఆమె డబ్బు తీసుకుని పసిపిల్లల్ని తెచ్చుకునేది. సరైన తిండి లేక, మత్తుమందు వల్ల వాళ్ళు చనిపోయారన్నది కేసు. పత్రికలు ఈ వ్యవహారానికి 'బేబీ ఫార్మింగ్' అని పేరు పెట్టాయి. పిల్లల ప్రాణాలు నిజంగానే పోయాయి, దాన్ని తక్కువ చేసి చెప్పనక్కర్లేదు. కానీ ఆ పిల్లల తిండికి డబ్బు ఎవరు, ఎంత ఇచ్చారన్న ప్రశ్న కోర్టు బోనులోకి రాలేదు. 1844 చట్టం ప్రకారం పెళ్ళికాని తల్లి తన బిడ్డ తండ్రి నుంచి రాబట్టుకోగలిగింది మొదటి ఆరు వారాల తర్వాత వారానికి గరిష్ఠంగా 2 షిల్లింగుల 6 పెన్నీలు. అదీ కోర్టుకెక్కి, తండ్రి ఎవరో సాక్ష్యంతో రుజువు చేసుకుంటేనే. 1872లో దాన్ని 5 షిల్లింగులు చేశారు. తల్లి పనికి పోవాలంటే బిడ్డను ఎవరి దగ్గరో వదలాలి. ఆ ఎవరో కూడా పేదరాలే. ఇద్దరు పేద ఆడవాళ్ళ మధ్య చేతులు మారే ఆ కొద్ది షిల్లింగుల్లోంచే పాలు, గది అద్దె, బొగ్గు, చాకిరీ అన్నీ రావాలి. పాలల్లో నీళ్ళు ఎందుకు కలిశాయన్న దానికి జవాబులో కొంత ఆ అంకెల్లోనే ఉంది.

1872లోనే పసిపిల్లల ప్రాణరక్షణ చట్టం వచ్చింది. ఏడాదిలోపు పిల్లల్ని ఒకరికన్నా ఎక్కువమందిని 24 గంటలు మించి డబ్బుకు ఉంచుకునేవాళ్ళు రిజిస్టరు చేసుకోవాలన్నారు. మొదటి ముసాయిదా పరిధి ఇంతకన్నా పెద్దది. దాన్ని వ్యతిరేకించినవాళ్ళలో ఆనాటి స్త్రీవాదులు ముందున్నారు. లిడియా బెకర్, జోసెఫిన్ బట్లర్, ఎలిజబెత్ వోల్‌స్టన్‌హోమ్ పనిచేసిన సంఘం ఈ బిల్లు మీద కరపత్రం వేసింది. మిల్లులకు వెళ్ళే తల్లులు పగలు పొరుగింటామె దగ్గర బిడ్డను వదిలే ఏర్పాటును పోలీసు రిజిస్టర్లోకి ఎక్కిస్తే పనిచేసే తల్లులు వీధిన పడతారని, పిల్లల్ని కని వదిలేసిన మగవాళ్ళను ఈ చట్టం ఒక్క మాటైనా అడగడం లేదని వాళ్ళ వాదన. చివరికి పగటిపూట మాత్రమే చూసుకునేవాళ్ళను చట్టం వదిలేసింది. ఇది గెలుపే. కానీ దీనితో పగటి సంరక్షణ చేసే ఆడవాళ్ళు మరో 76 ఏళ్ళు చట్టం నిఘాకూ దూరంగానే ఉన్నారు, చట్టం ఇచ్చే సాయానికీ దూరంగానే ఉన్నారు.

డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఆడదాన్ని అనుమానంగా చూడడం ఆ దేశపు సొత్తేమీ కాదు. మన పూటకూళ్ళమ్మ శీలం గురించి ఊరు ఎన్ని మాటలు అనుకునేదో తెలుసు. అన్నం పెట్టడం తల్లితనం, అన్నం అమ్మడం పాపం అనే విలువ ఉన్నచోట పిల్లలకు అన్నం పెట్టి డబ్బు అడిగే స్త్రీ రెంటికీ చెడుతుంది. తల్లిలా పెట్టినా డబ్బు తీసుకుంది కాబట్టి ప్రేమ లేనిది. వ్యాపారిలా లెక్క చూపినా ఇంట్లో వండింది కాబట్టి వ్యాపారి కానిది.

అనుమానం తర్వాత శాస్త్రం వచ్చింది. 1899లో సీబోమ్ రౌన్‌ట్రీ యార్క్ నగరంలో పేదరికాన్ని కొలిచి, 1901లో పుస్తకం వేశాడు. బతకడానికి కనీసం ఎంత కావాలని లెక్కగట్టాడు. పెద్దవాళ్ళకు తలకు వారానికి 3 షిల్లింగుల తిండి, పిల్లలకు తలకు 2 షిల్లింగుల 3 పెన్నీల తిండి. తల్లీ తండ్రీ ముగ్గురు పిల్లలూ ఉన్న ఇంటికి 12 షిల్లింగుల 9 పెన్నీలు. అద్దె, బట్టలు, ఇంధనం కలుపుకుంటే మొత్తం 21 షిల్లింగుల 8 పెన్నీలు. పేదల జీతాలు ఎంత ఘోరంగా ఉన్నాయో ఈ లెక్క బయటపెట్టింది, అది దాని గొప్పతనం. పిల్లవాడి తిండికి విడిగా ఒక అంకె వేసిన తొలి లెక్కల్లో ఇదొకటి. కానీ ఈ అంకెలో ఒక ఊహ దాగి ఉంది. అత్యంత చవకైన సరుకును ఎక్కడ దొరుకుతుందో వెతికి, ఏమాత్రం వృథా కాకుండా, ప్రతిపూటా నేర్పుగా వండిపెట్టే ఒక స్త్రీ ఆ ఇంట్లో ఉచితంగా దొరుకుతుందన్నది ఆ ఊహ.

ఆ స్త్రీని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు ఫేబియన్ మహిళా బృందం వాళ్ళు. 1909 నుంచి 1913 వరకు లండన్‌లోని లాంబెత్‌లో, వారానికి పౌను అటూ ఇటూగా వచ్చే ఇళ్ళకు వెళ్ళి, అక్కడి తల్లుల చేత వారం వారం పద్దులు రాయించారు. మౌడ్ పెంబర్ రీవ్స్ దాన్ని 1913లో పుస్తకం చేసింది. చదువురాని తల్లులు లెక్కను జ్ఞాపకంలో పెట్టుకుని నోటితో చెప్పారు. ఆ పద్దుల్లో తేలిందేమిటంటే ఇంటి సగటు తిండి అనేది ఒక అబద్ధం. సంపాదించే మగవాడికి మంచి వాటా, తర్వాత పిల్లలకు, అందరి తర్వాత తల్లికి. రౌన్‌ట్రీ తలలు లెక్కపెట్టాడు. లాంబెత్ తల్లులు కంచాలు లెక్కపెట్టారు. తిండి ఖర్చును తలసరి లెక్కతో పంచినప్పుడల్లా ఈ తేడాను మనం గుర్తుచేసుకోవాలి.

రెండో ప్రపంచయుద్ధం ఈ చరిత్రలో ఒక వింత విరామం. ఆయుధ కర్మాగారాల్లో ఆడవాళ్ళు కావలసి వచ్చేసరికి పిల్లల తిండి హఠాత్తుగా దేశం పని అయిపోయింది. వెయ్యికి పైగా ప్రభుత్వ నర్సరీలు తెరిచారు. తల్లి రోజుకు ఒక షిల్లింగు కడితే భోజనంతో సహా చూసుకునేవారు. అంటే తిండి ఖర్చు లెక్క తల్లికీ లేదు, చూసుకునే ఆమెకూ లేదు. ఖజానా భరించింది. వంట చేసే ఆమెకు జీతం వచ్చింది. యుద్ధం ముగిసిన ఏడాదిలోపే కేంద్రం గ్రాంటు తగ్గించి, ఆపేసింది. నర్సరీలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. రెండేళ్ళలోపు పిల్లలకు సరైన చోటు తల్లి ఒడేనని ఆరోగ్యశాఖ సర్కులర్ పంపింది. పనికి వెళ్ళక తప్పని తల్లులు మళ్ళీ పొరుగింటి తలుపు తట్టారు. 1948లో నర్సరీలు, చైల్డ్‌మైండర్ల నియంత్రణ చట్టం వచ్చింది. గ్రాంటు పోయి రిజిస్టరు వచ్చింది. రాజ్యం అన్నం పెట్టడం మానేసి, అన్నం పెట్టే ఆమెను తనిఖీ చేయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి కాలంలో దక్కిన ఒకే ఒక్క ప్రత్యక్ష సాయం పాలు. రిజిస్టరైన చైల్డ్‌మైండర్ దగ్గర రోజుకు రెండు గంటలైనా ఉండే అయిదేళ్ళలోపు బిడ్డకు పింటులో మూడో వంతు, అంటే 189 మిల్లీలీటర్ల పాల ఖర్చు నర్సరీ పాల పథకం తిరిగి ఇస్తుంది. 2010 ఆగస్టులో ఒక మంత్రి దీన్ని రద్దు చేయాలని ప్రతిపాదిస్తే ప్రధాని డేవిడ్ కామెరాన్ కార్యాలయం ఆ రోజే తోసిపుచ్చింది. 1971లో ఏడేళ్ళు దాటిన పిల్లల బడి పాలు ఆపినందుకు మార్గరెట్ థాచర్‌కు వచ్చిన చెడ్డపేరు ఆ పార్టీ మర్చిపోలేదు మరి. పాలకు ఉన్న రాజకీయం పప్పుకు, కూరకు లేకపోయింది.

1970లు రెండో దశ స్త్రీవాదానికి పొద్దుపొడుపు. 1970లో ఆక్స్‌ఫర్డ్ రస్కిన్ కాలేజీలో జరిగిన మొదటి జాతీయ స్త్రీ విముక్తి సమావేశం నాలుగు కోరికలు ముందుపెట్టింది. వాటిలో ఒకటి రోజంతా నడిచే ఉచిత నర్సరీలు. 1972 నుంచి సెల్మా జేమ్స్, ఆమె సహచరులు ఇంటి పనికి వేతనం అడిగారు. ఈ రెండు కోరికల నడుమ చైల్డ్‌మైండర్ ఎక్కడుంది? ఆమె నర్సరీ కాదు, ఉద్యమం కోరుకున్నది ఆమెను కాదు. ఆమెది ఇంటి పనే, కానీ డబ్బు తీసుకుంటోంది కాబట్టి వేతనం లేని గృహిణి కూడా కాదు. అందుకే ఉద్యమ సాహిత్యంలో ఆమె అరుదుగా కనిపిస్తుంది. కనిపించినప్పుడు కూడా నర్సరీలు కట్టకుండా ఉండడానికి ప్రభుత్వానికి దొరికిన సాకుగానే.

ఆ విమర్శలో నిజం ఉంది. 1976 జనవరిలో సన్నింగ్‌డేల్‌లో ప్రభుత్వ శాఖలు ఒక సదస్సు పెట్టాయి. దాని పేరే 'అయిదేళ్ళలోపు పిల్లలకు తక్కువ ఖర్చు పగటి ఏర్పాట్లు'. చైల్డ్‌మైండింగ్ ఆ తక్కువ ఖర్చు మార్గాల్లో ముఖ్యమైనదిగా ముందుకొచ్చింది. ఎవరికి తక్కువ ఖర్చు అని అడగాలి. భవనం ఆమెది, పొయ్యి ఆమెది, గ్యాసు బిల్లు ఆమెది, తిండి సామాను ముందుగా కొనేది ఆమె. ప్రభుత్వానికి తగ్గిన ఖర్చు ఎక్కడికీ మాయమైపోలేదు, ఒక స్త్రీ వంటింటి పద్దులోకి మారింది. అదే దశకంలో బ్రయన్ జాక్సన్, సోనియా జాక్సన్ రిజిస్టరు కాని చైల్డ్‌మైండర్ల మీద పరిశోధన చేశారు. హడర్స్‌ఫీల్డ్‌లో తెల్లవారుజామున వీధుల్లో నిలబడి, పనికి వెళ్ళే తల్లులు పిల్లల్ని ఏ గుమ్మంలో దింపుతున్నారో చూసి ఆ ఇళ్ళను కనుక్కున్నారు. 1979లో పుస్తకం వచ్చింది. ఆ తల్లుల్లో కరీబియన్ నుంచి, ఆఫ్రికా నుంచి, ఆసియా నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. ఈలోగా 1977లో చైల్డ్‌మైండర్లు తమ జాతీయ సంఘాన్ని పెట్టుకున్నారు. ఫీజు ఎంత అడగాలి, ఒప్పందం ఎలా రాసుకోవాలి, భోజనానికి విడిగా తీసుకోవాలా వద్దా, పద్దు ఎలా రాయాలి అన్న సంగతులు మొదటిసారి ఆడవాళ్ళు ఆడవాళ్ళకు నేర్పే విద్యలయ్యాయి.

పద్దు నేర్చుకున్నంత మాత్రాన అది ఆమె పద్దు అయిపోలేదు. 1990 ఏప్రిల్ దాకా బ్రిటన్ ఆదాయపు పన్ను చట్టంలో పెళ్ళయిన స్త్రీ ఆదాయం భర్త ఆదాయంగానే లెక్క. దంపతులు ప్రత్యేకంగా కోరుకుంటే తప్ప ఆమె సంపాదన ఆయన రిటర్నులోకి ఎక్కేది. అంటే ఆమె వండింది, తినిపించింది, ఖర్చు రాసుకుంది, చివరికి ఆ కాగితం మీద సంతకం భర్తది.

సంతకం ఆమె చేతికి వచ్చాక అసలు చిక్కు ఎదురైంది. స్వయం ఉపాధిలో ఉన్నవాళ్ళు ఖర్చును ఆదాయంలోంచి తీసివేయాలంటే అది 'పూర్తిగా, కేవలం' వ్యాపారం కోసమే చేసిన ఖర్చు అయి ఉండాలన్నది పన్ను చట్టం పాత సూత్రం. ఈ సూత్రం ఆడవాళ్ళ జీవితానికి ఎలా అతకదో చెప్పడానికి ఒక ప్రసిద్ధ కేసు ఉంది. ఆన్ మలాల్యూ అనే బారిస్టరు కోర్టుకు వేసుకునే నల్ల బట్టలకు, వాటి ఉతుకుడుకు అయిన ఖర్చును మినహాయించమంది. కోర్టులో తప్ప ఆ బట్టలు తనకు అక్కర్లేదంది. 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. బట్టలు ఒంటికి వెచ్చదనానికీ మర్యాదకూ కూడా పనికొస్తాయి కాబట్టి అది రెండు ప్రయోజనాల ఖర్చట. ఈ తర్కాన్ని చైల్డ్‌మైండర్ ఇంట్లోకి తెస్తే ఏం మిగులుతుంది? ఆమె బతుకంతా రెండు ప్రయోజనాలదే. హీటరు వేస్తే తన బిడ్డా పరాయి బిడ్డా ఇద్దరూ వెచ్చగా ఉంటారు. సబ్బు, తివాచీ, ఉప్పు, నూనె అన్నీ అంతే.

ఈ చిక్కు విడదీయలేకనే పన్నుల శాఖ, చైల్డ్‌మైండర్ల సంఘం ఒక ఒప్పందానికి వచ్చాయి. ఇతర వృత్తులకు లేని సౌలభ్యం ఇది. వారానికి 40 గంటలు పనిచేస్తే వెలుతురు, వెచ్చదనం బిల్లులో 33 శాతం, నీళ్ళు, అద్దె, స్థానిక పన్నులో 10 శాతం, సామాను అరుగుదలకు మొత్తం ఆదాయంలో 10 శాతం. ఏళ్ళ తరబడి నడిచిన లెక్క ఇది. గంటలు తగ్గితే బిల్లుల శాతాలూ తగ్గుతాయి. తిండికి మాత్రం శాతం లేదు. చూసుకునే పిల్లలకు పెట్టిన తిండి ఖర్చు ఎంతో అంత, సమంజసమైన అంచనాతో రాసుకోవచ్చు. గోడలకు, గొట్టాలకు అంకె దొరికింది. గిన్నె దగ్గర రాజ్యం కూడా చేతులెత్తేసి, 'నువ్వే చెప్పు' అంది.

ఆమె ఎలా చెప్పాలి? ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. మధ్యాహ్నం భోజనానికి బియ్యం, పప్పు, కూరగాయలు, పెరుగు కలిపి 4 పౌండ్ల సరుకు గిన్నెలో పడిందనుకుందాం. తినేవాళ్ళు అయిదుగురు: తను, తన బిడ్డ, ముగ్గురు ఇతరుల పిల్లలు. తలలు లెక్కపెడితే మనిషికి 80 పెన్నీలు, వ్యాపారం వాటా 2.40 పౌండ్లు. పెద్దవాళ్ళు పిల్లలకు రెట్టింపు తింటారనుకుంటే ఆరు వాటాల్లో మూడు, అంటే 2 పౌండ్లు. రౌన్‌ట్రీ నాటి 3 షిల్లింగులు, 2 షిల్లింగుల 3 పెన్నీల నిష్పత్తి వాడితే 2.25 పౌండ్లు. ఒకే గిన్నెకు మూడు జవాబులు, మూడూ సమంజసమే. ఏడాదికి 240 రోజులు పనిచేస్తే మొదటి జవాబుకూ రెండో జవాబుకూ తేడా 96 పౌండ్లు. 20 శాతం పన్ను రేటులో ఆమెకు మిగిలేది 20 పౌండ్లైనా కాదు. దీనికోసం రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక రసీదులు ముందేసుకుని కూర్చోవాలి. ఇక లాంబెత్ తల్లుల లెక్క వేస్తే నాలుగో జవాబు వస్తుంది. ఎందుకంటే చాలా మధ్యాహ్నాలు ఆమె విడిగా వడ్డించుకోదు. పిల్లలు కంచాల్లో వదిలేసిందే ఆమె భోజనం. ఆ ఎంగిలి మెతుకులు ఏ పద్దులోకి వస్తాయి?

ఇదంతా సరుకు లెక్క. వంట, తినిపించడం, గిన్నెలు తోమడం కలిపి గంట పని అనుకుందాం. 2025 ఏప్రిల్‌లో అమలైన కనీస వేతనం ప్రకారం గంటకు 12.21 పౌండ్లు. గిన్నెలోని సరుకుకు మూడు రెట్లు. అయితే కనీస వేతన చట్టం 1999లో అమల్లోకి వచ్చినప్పటినుంచీ స్వయం ఉపాధి వాళ్ళకు వర్తించదు. ఆమె ఫీజులో ఆ గంట కూడా కలిసే ఉందని వాదించవచ్చు. కలిసే ఉంది, కానీ అదే గంటలో ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను పిల్లల మీద పెట్టి రెండు పనులు చేసి ఒక పనికి డబ్బు తీసుకుంటుంది. లేదా ముందురాత్రి వండి పెట్టుకుంటుంది. అప్పుడు ఆ గంట ఏ ఫీజులోనూ లేదు. పద్దులో తన చాకిరీని ఖర్చుగా రాసుకునే గడి లేదు. తనకు తాను జీతం ఇచ్చుకోవడం ఖర్చు కాదు, మిగిలిందే ఆమె లాభమని వ్యాపార నియమం.

న్యూజీలాండ్ ఆర్థికవేత్త మారిలిన్ వారింగ్ 1988లో జాతీయ ఆదాయపు లెక్కల మీద రాసిన పుస్తకం మనలో చాలామంది చదివిందే. ఇంటివాళ్ళకోసం చేసే సేవ ఉత్పత్తి కాదని ఐక్యరాజ్యసమితి లెక్కల పద్ధతి అంటుంది. దాన్ని ఈ గిన్నెకు అన్వయిస్తే ముగ్గురు పిల్లలకు వడ్డించిన శ్రమ దేశ సంపదలో కలుస్తుంది, తన బిడ్డకు వడ్డించిన శ్రమ కలవదు. అదే గరిటె, అదే నిమిషం. ఈ సరిహద్దు ఎంత కృత్రిమమో నిరూపించడానికి చైల్డ్‌మైండర్ వంటిల్లు కన్నా మంచి చోటు లేదు.

రాజ్యానికి ఈ నిజం తెలియదా? తెలుసు. 1980ల చివరి నుంచి ఆదాయ సహాయం, ఇంటి అద్దె సహాయం లాంటి పథకాల్లో చైల్డ్‌మైండర్ ఆదాయాన్ని లెక్కించేటప్పుడు ఆమెకు వచ్చినదాంట్లో మూడో వంతునే నికర లాభంగా తీసుకునేవారు. మిగతా రెండు వంతులు తిండికి, ఇంటికి, ఆటవస్తువులకు పోతాయని ఒప్పుకున్నట్టే. రసీదుల గొడవ లేకుండా ఆమె మాట నమ్మిన అరుదైన నియమం ఇది. 2013 నుంచి యూనివర్సల్ క్రెడిట్ ఆ పాత పథకాల స్థానంలోకి వస్తూ పోయింది. కొత్త పథకంలో మూడో వంతు నియమం లేదు. నెలనెలా అసలు ఖర్చులు చూపాలి. నమ్మకం పోయి మళ్ళీ తనిఖీ వచ్చింది.

ఈమధ్య కాలంలో ఈ తనిఖీ తల్లిదండ్రుల బిల్లులోకి కూడా వచ్చింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వం డబ్బు చెల్లించే సంరక్షణ గంటలు పెరుగుతూ వచ్చాయి. 2025 సెప్టెంబరు నుంచి పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు తొమ్మిది నెలల వయసు నుంచే బడి నడిచే వారాల్లో వారానికి 30 గంటలు. పోరాడగా పోరాడగా వచ్చిన మంచి మార్పు. కానీ ఆ డబ్బులో భోజనం లేదు. భోజనానికి విడిగా తీసుకోవచ్చు, కాకపోతే బలవంతం చేయకూడదు, బిల్లులో విడిగా చూపాలి. తల్లి ఇంటినుంచి డబ్బా పంపుతానంటే వీలైనంతవరకు సర్దుకోవాలి. పైగా చైల్డ్‌మైండర్ సొంత బిడ్డను చూసుకున్నందుకు ఈ గంటల డబ్బు రాదు. బంధువుల పిల్లలైనా అంతే. పొరుగింటి చైల్డ్‌మైండర్, ఈమె తమ బిడ్డల్ని మార్చుకుంటే ఇద్దరికీ డబ్బు వస్తుంది. ఎవరి బిడ్డకు వాళ్ళు పెట్టుకుంటే ప్రేమ, మార్చుకుని పెడితే పని.

దీనికి పక్కనే బడి భోజనం లెక్క పెట్టి చూడండి. 2014 సెప్టెంబరులో ఇంగ్లండ్ బడుల్లో మొదటి మూడు తరగతుల పిల్లలందరికీ ఉచిత భోజనం మొదలైంది. అప్పుడు ప్రభుత్వం భోజనానికి ఇచ్చింది 2.30 పౌండ్లు. ఆ మొత్తం చాలదని బడులు గోల పెడుతూనే ఉన్నాయి, న్యాయమే. కానీ ఆ అంకెలో ఏముందో గమనించాలి. అందులో సరుకుతోపాటు బడి వంటగదిలో పనిచేసే ఆమె కూలీ కూడా ఉంది. నాలుగేళ్ళ బిడ్డ బడి గడప దాటగానే అతని భోజనంలో వంట చేసిన చేతికి ధర వచ్చింది. అంతకుముందు నెల వరకు అదే బిడ్డకు చైల్డ్‌మైండర్ పెట్టిన భోజనంలో ఆ చేతికి ధర లేదు. బిడ్డ ఆకలి మారలేదు, గోడలు మారాయి.

చైల్డ్‌మైండర్ ఎదురుగా ఉన్నది కూడా ఆడదే అన్నది ఈ చరిత్రలో మనకు ఇబ్బందికరమైన భాగం. పనికి వెళ్ళే తల్లికి రోజుకు 3 పౌండ్ల భోజనం బిల్లు చిన్నది కాదు. ఆమె వైపు కథకూ ఒక కేసు ఉంది. కెనడాలో బెత్ సైమ్స్ అనే న్యాయవాది, తన పిల్లల్ని చూసుకునే ఆమెకిచ్చిన జీతాన్ని వ్యాపార ఖర్చుగా ఒప్పుకోమంది. 1993లో అక్కడి సుప్రీంకోర్టు ఏడుగురు ఇద్దరి తేడాతో తిరస్కరించింది. ఒప్పుకున్న ఇద్దరూ ఆ ధర్మాసనంలో ఉన్న ఇద్దరు మహిళా న్యాయమూర్తులే. క్లయింటుకు విందు ఇస్తే వ్యాపార ఖర్చుగా గుర్తించిన కాలాలు ఉన్నాయి. బిడ్డకు అన్నం పెట్టించడం ఎప్పుడూ సొంత వ్యవహారమే. సైమ్స్ ఓడిపోయింది. కానీ ఆమె గెలిచి ఉన్నా ఆ మినహాయింపు పన్ను కట్టే స్థాయి స్త్రీకే పనికొచ్చేది, ఆమె ఇంట్లో పనిచేసే స్త్రీకి కాదు. స్త్రీవాదం అనే గొడుగు కింద ఈ ఇద్దరినీ నిలబెట్టేటప్పుడు వాళ్ళ మధ్య ఉన్న వర్గాన్ని దాచకూడదు. భోజనం ధర దగ్గర వాళ్ళిద్దరూ బేరమాడుతున్నారంటే, బేరం దగ్గర ఉండవలసిన మూడోవాడు, అంటే రాజ్యం, తప్పించుకున్నాడని అర్థం.

ఫలితం కళ్ళముందే ఉంది. 1990ల నడుమ ఇంగ్లండ్‌లో దాదాపు లక్షమంది రిజిస్టరైన చైల్డ్‌మైండర్లు ఉండేవారు. 2020లలో 30 వేలకన్నా తక్కువకు వచ్చారు. కారణాలు చాలా ఉన్నాయి. తనిఖీలు, కాగితాల పని, ఇంటి అద్దెలు, ఇంతకన్నా స్థిరమైన ఉద్యోగాలు. ఆ కారణాల్లో రోజూ చేతి చమురు వదిలే ఈ చిన్న లెక్క కూడా ఉంది. ఒక్కరోజు తిండి మీద నష్టపోవడం పెద్ద విషయం కాదు. అది రోజూ జరిగి, ఏ పద్దులోనూ కనిపించకపోవడం పెద్ద విషయం.

పరిష్కారం పద్దు మరింత జాగ్రత్తగా రాయడంలో లేదు. ఎంత జాగ్రత్తగా రాసినా ఆ గిన్నె రెండుగా విడిపోదు. పాలకు 189 మిల్లీలీటర్ల దగ్గర ఒప్పుకున్నది భోజనానికి కూడా ఒప్పుకోవాలి. బడి భోజనంలో వంటమనిషి కూలీ ఉన్నట్టే చైల్డ్‌మైండర్ పెట్టే భోజనానికీ సరుకు, శ్రమ కలిపిన ధర ప్రభుత్వం కట్టాలి. గిన్నెలోంచి తన బిడ్డ వాటా తీసేయమని ఆమెను అడగకుండా, ఆ బిడ్డనూ దేశపు పిల్లల్లో ఒకరిగా లెక్కపెట్టాలి. యుద్ధకాలంలో రోజుకు ఒక షిల్లింగుతో ఇది సాధ్యమైంది. అప్పుడు కావలసింది ఆయుధాలు కాబట్టి సాధ్యమైంది. పిల్లలు కావలసినప్పుడు ఎందుకు సాధ్యం కాదో ఆ పద్దు పుస్తకాలు చదివినవాళ్ళుగా మనం అడగాలి.